కర్సర్ నిలవడం లేదా? కొత్త మౌస్ కొనే ముందు చూడాల్సినవి

మౌస్ మీంచి చెయ్యి తీసేసినా తెర మీద బాణం నిలవడం లేదంటే, చుట్టుపక్కల వాళ్లు చెప్పే సలహాలు సాధారణంగా మూడే. మౌస్ పోయింది, కొత్తది తెచ్చుకో. డ్రైవర్ పాతదైంది, అప్‌డేట్ చెయ్యి. విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టించు. మూడూ ఒక్కోసారి ఫలిస్తాయి కాబట్టే ఇన్నేళ్లుగా చెలామణిలో ఉన్నాయి. ఫలించనప్పుడు మాత్రం నష్టం పెద్దదే. కొత్త మౌస్‌తోనూ అదే వణుకు కనిపిస్తుంది. ఫార్మాట్ కొట్టించాక బ్యాకప్ తీసుకోని ఫోటోలు, లెక్కల ఫైళ్లు పోతాయి, వణుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ ఇబ్బందిని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. పెళ్లి ఆల్బమ్‌లో మనిషి చుట్టూ గీత గీసి బ్యాక్‌గ్రౌండ్ తీసేసే డిజైనర్‌కి, పేజీలో ఒక్కో అక్షరాన్నీ సర్దే డీటీపీ ఆపరేటర్‌కి, ఆన్‌లైన్ దరఖాస్తులో చిన్న గడి మీద టిక్ పెట్టాల్సిన విద్యార్థికి మూడు నాలుగు పిక్సెళ్లు తప్పితే పని చెడినట్టే. వయసు మళ్లినవాళ్ల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. బాణం ఆగకపోతే తప్పు తమ చేతిదే అనుకుని చాలామంది కంప్యూటర్ ముట్టుకోవడమే మానేస్తారు.

కర్సర్ వణకడానికి తెలిసిన కారణాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఒకటుంది. కారణాలు చాలానే ఉన్నా, ఒక్కో కారణం బాణాన్ని ఒక్కో తీరున కదిలిస్తుంది. ముందు ఆ తీరు గమనించి, తర్వాత ఒకసారికి ఒక్కటే మార్చి చూస్తూ పోతే, తప్పు ఎక్కడుందో చాలావరకు ఇంట్లోనే తెలిసిపోతుంది. ఈ వ్యాసం ఆ కారణాలను మౌస్ అడుగు నుంచి మొదలుపెట్టి మనిషి చేతి దాకా వరసగా పరిశీలిస్తుంది.

కదలిక తీరును బట్టి

బాణం చేసే అల్లరిని నాలుగు రకాలుగా విడదీయవచ్చు.

మొదటిది సన్న వణుకు. బాణం ఉన్నచోటే రెండు మూడు పిక్సెళ్ల మేర అటూ ఇటూ అల్లాడుతుంది. ఇలా ఉంటే మౌస్ సెన్సర్‌ని, దాని కింద ఉన్న బల్లని, ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్‌లోకి చేరే కరెంటు నాయిస్‌ని అనుమానించాలి. రెండోది జారుడు. ఎవరూ ముట్టుకోకపోయినా బాణం ఒకే దిక్కుకి మెల్లగా పోతుంటుంది. కీబోర్డు మధ్యలో ఎర్ర బొడిపె ఉండే ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. స్టిక్కు అరిగిన గేమ్ కంట్రోలర్ తగిలించి ఉన్నా ఇలాగే జరగవచ్చు. మూడోది దూకుడు. ఉన్నట్టుండి బాణం తెర మూలకు ఎగిరిపోతుంది, కొన్నిసార్లు దానంతటదే క్లిక్ కూడా పడుతుంది. టచ్‌ప్యాడ్ మీద అరచెయ్యి ఆనడం, టచ్‌స్క్రీన్ దెబ్బతినడం, లెన్స్‌లో వెంట్రుక చేరడం దీనికి కారణాలు. నాలుగోది తడబాటు. చెయ్యి సాఫీగానే కదులుతుంది, బాణం మాత్రం ఆగి ఆగి గెంతుతూ వస్తుంది. వైర్‌లెస్ సిగ్నల్, బ్యాటరీ, సిస్టమ్ మీద భారం అన్నవి ఈ కోవలోవి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకపోయినా ఒక్క పరీక్ష మాత్రం తప్పక చేయాలి. మౌస్ వైరు పీకేయండి. వైర్‌లెస్ అయితే దాని రిసీవర్ తీసేయండి, బ్లూటూత్‌దైతే మౌస్ స్విచ్చి ఆపేయండి. అయినా బాణం కదులుతోందంటే మౌస్ తప్పేమీ లేదు, కొత్తది కొన్నా ఫలితం ఉండదు. ఆగిపోయిందంటే వెతకాల్సింది మౌస్, దాని కింది బల్ల, దాని సిగ్నల్ దారి, ఈ మూడింటిలోనే. సగం ప్రశ్న ఈ ఒక్క నిమిషంలోనే తేలిపోతుంది.

మౌస్ లేకపోతే పనెలా అన్న సందేహం అక్కర్లేదు. విండోస్ కీ, ఐ కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. ట్యాబ్, బాణం కీలు, ఎంటర్‌తో అందులో ఎక్కడికైనా వెళ్లవచ్చు. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, తర్వాత ఎమ్ కొడితే డివైస్ మేనేజర్ వస్తుంది.

మౌస్ అడుగున ఏం జరుగుతోంది

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకి బిల్ ఇంగ్లిష్ 1964లో చెక్కతో రూపమిచ్చిన మొదటి మౌస్ అడుగున రెండు చక్రాలుండేవి. తర్వాత చక్రాల స్థానంలో బంతి వచ్చింది. బంతి మౌస్ వాడినవాళ్లందరికీ ఆ పని గుర్తుండే ఉంటుంది. కింది మూత తిప్పి, బంతి బయటికి తీసి, లోపల రోలర్లకు పట్టిన నల్లటి మడ్డిని గోటితో గీకితే బాణం మళ్లీ దారికొచ్చేది. ప్రత్యేకమైన ప్యాడ్ అక్కర్లేని ఆప్టికల్ మౌస్‌ని 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ జనంలోకి తెచ్చింది. క్రమంగా బంతి కనుమరుగైంది. మురికి బెడద మాత్రం రూపం మార్చుకుని ఇంకా అక్కడే ఉంది.

ఆప్టికల్ మౌస్‌ని తిరగేస్తే కనిపించే ఎర్ర లైటు బల్ల మీద వాలుగా పడుతుంది. అలా వాలుగా పడటం వల్ల కంటికి నున్నగా కనిపించే చోట కూడా సూక్ష్మమైన ఎత్తుపల్లాల నీడలు తేలతాయి. ఆ నీడలను పక్కనే ఉన్న బుల్లి కెమెరా ఫోటోలు తీస్తుంది. ఎజిలెంట్ తయారుచేసిన ఏడీఎన్ఎస్-2610 అనే పాత, సాదా సెన్సర్‌నే తీసుకుంటే, అది 18 అడ్డం, 18 నిలువు, మొత్తం 324 పిక్సెళ్ల బొమ్మలను సెకనుకు 1500 చొప్పున తీస్తుంది. ముందు బొమ్మలోని గుర్తులు తర్వాతి బొమ్మలో ఎటు, ఎంత జరిగాయో చూసి మౌస్ ఎంత కదిలిందో లెక్కకడుతుంది. రైలు కిటికీలోంచి స్తంభాలు వెనక్కి పోవడం చూసి మనం ముందుకు వెళ్తున్నామని తెలుసుకోవడం లాంటిదే ఇది.

ఈ పద్ధతి తెలిస్తే సన్న వణుకు ఎక్కడి నుంచి వస్తుందో ఇట్టే అర్థమవుతుంది. బల్ల మీద గుర్తులే లేకపోతే సెన్సర్‌కి పోల్చుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు కెమెరాలో సహజంగా ఉండే చిన్నపాటి నాయిస్‌నే కదలికగా లెక్కేస్తుంది. గాజు బల్ల, అద్దంలా పాలిష్ పట్టిన గ్రానైట్ గట్టు, తళతళలాడే సన్‌మైకా మీద మౌస్ కదపకపోయినా బాణం అల్లాడటానికి ఇదే కారణం. దీనికి పరీక్ష చాలా తేలిక. మౌస్ కింద ఒక తెల్ల ఏ4 కాగితం వేయండి. కాగితం నునుపుగా కనిపించినా దాని నారలు వాలు కాంతిలో చక్కగా నీడలు వేస్తాయి. వణుకు ఆగిపోతే మౌస్ బాగానే ఉన్నట్టు. మామూలు గుడ్డ ప్యాడ్ ఒకటి చాలు. గాజు మీదే పనిచేయాల్సిన అవసరం ఉన్నవాళ్ల కోసం లాజిటెక్ 2009లో డార్క్‌ఫీల్డ్ అనే సెన్సర్ తెచ్చింది. దానికి కూడా గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలని షరతు పెట్టింది.

కాగితం మీద కూడా వణుకు ఆగకపోతే మౌస్‌ని తిప్పి, ఫోన్ టార్చితో సెన్సర్ గుంతలోకి చూడాలి. లైటు వెలుగుతున్న సెన్సర్‌లోకి కన్ను ఆనించి చూడొద్దు. ముందు మౌస్‌ని ఆపేయండి. ఆ గుంత వేలిగోరంత కూడా ఉండదు, అయినా మంచం మీదో దుప్పటి మీదో వాడిన మౌస్‌లో దూదిపోగో, కనురెప్ప వెంట్రుకో లెన్స్‌కి అడ్డంగా పడి ఉండటం తరచూ కనిపిస్తుంది. సెన్సర్‌కి అదెంత గందరగోళమో ఆలోచించండి. బొమ్మలో బల్ల తాలూకు భాగం కదులుతుంటుంది, వెంట్రుక ఉన్న భాగం కదలదు. ఒక భాగం కదిలానంటుంది, ఇంకో భాగం లేదంటుంది. లెక్క క్షణక్షణానికీ ఒక్కో పక్కకి మొగ్గుతుంది, బాణం వణుకుతూ ఉన్నట్టుండి ఎగిరిపోతుంది. కెమెరాలు తుడిచేవాళ్లు వాడే రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టాలి. మురికి అంటుకుని ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపిన ఇయర్‌బడ్‌తో మెల్లగా తుడవాలి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వాడకూడదు. అందులో ఉండే ఎసిటోన్ ప్లాస్టిక్ లెన్స్‌ని మసకబారుస్తుంది.

మౌస్ అడుగున నాలుగు మూలలా ఉండే నున్నటి పాదాలనూ చూడాలి. పైన చెప్పిన సెన్సర్‌లో లెన్స్‌కీ బల్లకీ మధ్య దూరం 2.3 నుంచి 2.5 మిల్లీమీటర్ల మధ్యే ఉండాలి. పాదం ఊడిపోయినా, ఒకవైపు అరిగినా, దానికి మడ్డి గడ్డకట్టినా ఆ దూరం మారి బొమ్మ మసకవుతుంది. కిటికీ పక్క బల్ల అయితే మౌస్ కింది సందులోంచి నేరుగా వచ్చే ఎండ కూడా సెన్సర్‌ని తికమకపెట్టగలదు. కర్టెన్ వేసి చూస్తే తెలిసిపోతుంది.

ఇక వైరు. మౌస్‌లోకి వైరు దూరే చోట రోజూ వంగి వంగి లోపలి తీగలు తెగుతాయి. ఆ చోట వైరుని వేళ్లతో మెల్లగా కదిపితే బాణం ఆగడమో, యూఎస్‌బీ ఊడి తగిలినట్టు విండోస్ టింగుమనడమో జరిగితే లోపం అక్కడే. ఇంకో పోర్టులో పెట్టి కూడా చూడాలి. డెస్క్‌టాప్‌లో ముందున్న పోర్టుల కన్నా వెనక నేరుగా మదర్‌బోర్డు మీదున్నవి నమ్మకమైనవి.

డీపీఐ ఎక్కువైతే మంచిదన్న భ్రమ

అట్టపెట్టె మీద 3200, 6400, 16000 అంటూ రాసిన డీపీఐ అంకెలను చూసి చాలామంది మౌస్ నాణ్యతను అంచనా వేస్తారు. మౌస్ ఒక అంగుళం కదిలితే దాన్ని ఎన్ని చిన్న మెట్లుగా కంప్యూటర్‌కి చెబుతుందన్నదే ఆ అంకె. అది పెరిగే కొద్దీ ప్రతి చిన్న కదలికా పెద్దదై కనిపిస్తుంది. ఇక్కడ లెక్క సూటిగా ఉంది. చెయ్యి 0.1 మిల్లీమీటరు అదిరితే, విండోస్ వేగం మధ్య గీత మీద ఉన్నప్పుడు, 800 డీపీఐ దగ్గర బాణం సుమారు 3 పిక్సెళ్లు కదులుతుంది. 3200 దగ్గర అదే అదురు 12 పిక్సెళ్లకు పైగా అవుతుంది. బల్ల తాలూకు నాయిస్ కూడా అదే పాళ్లలో పెరుగుతుంది.

గేమింగ్ మౌస్‌ల మీద చక్రం వెనకుండే చిన్న బొత్తాము పొరపాటున నొక్కుకుపోయి డీపీఐ మారిపోవడం తరచూ జరిగేదే. 'నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ పొద్దున్నుంచి వణుకుతోంది' అన్న ఫిర్యాదు వస్తే నేను మొదట చూడమనేది ఆ బొత్తామునే. 1920 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు తెరకి 800 నుంచి 1200 దాకా చాలు. వేగం సరిపోకపోతే పెంచుకోవచ్చుగానీ, వణుకు తగ్గాలంటే తగ్గించడమే మార్గం.

గాలిలో దారి

వైర్‌లెస్ మౌస్ బాగానే ఉండి, బాణం మాత్రం తడబడుతుంటే సిగ్నల్ దారి చూడాలి. ఈ మౌస్‌లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పనిచేస్తాయి. బ్లూటూత్‌ది అదే బ్యాండ్. చాలా వైఫై రూటర్లదీ అదే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ వాడే పౌనఃపున్యం 2.45 గిగాహెర్ట్జ్. అపార్ట్‌మెంట్‌లో పది ఫ్లాట్ల వైఫైలు ఒకేచోట కలిసినప్పుడు ఈ బ్యాండ్‌లో రద్దీ మామూలే.

వీటన్నిటికన్నా తరచూ ఎదురయ్యేదీ, తక్కువమందికి తెలిసిందీ ఇంకొకటుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రేడియో నాయిస్ వెదజల్లుతాయని ఇంటెల్ 2012లో ప్రచురించిన సాంకేతిక పత్రంలో కొలతలతో సహా చూపించింది. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో నడిచే డేటా నుంచి పుట్టే నాయిస్ సరిగ్గా మౌస్ రిసీవర్ వినే చోటే పడుతుంది. బ్యాకప్ తీసుకుందామని బయటి హార్డ్‌డిస్కు పెట్టగానే పక్క పోర్టులో ఉన్న మౌస్ గెంతడం మొదలుపెడితే దోషి ఎవరో తెలిసినట్టే. మందు దూరమే. రిసీవర్‌ని ఇంకో వైపు పోర్టులోకి మార్చాలి. అది చాలకపోతే అర మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి, రిసీవర్‌ని మౌస్‌కి దగ్గరగా బల్ల మీదికి తేవాలి. ఇనప క్యాబినెట్ వెనక, నేల మీద ఉన్న డెస్క్‌టాప్‌కి రిసీవర్ పెట్టేవాళ్లకి ఈ వైరు ఒక్కటే సగం కష్టం తీరుస్తుంది.

బ్యాటరీ సంగతి చెప్పనక్కర్లేదు గానీ, ఒక్క మాట. కొత్త ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులది, రీచార్జి చేసుకునేది 1.2 వోల్టులది. అందుకే రీచార్జి సెల్ పెట్టినప్పుడు మౌస్ చూపించే బ్యాటరీ శాతాన్ని నమ్మలేం. తడబాటు మొదలైతే శాతం చూడకుండా సెల్ మార్చి పరీక్షించడం మేలు.

ల్యాప్‌టాప్, ఛార్జర్, ఎర్తింగ్

మౌస్ తీసేసినా ల్యాప్‌టాప్‌లో బాణం వణుకుతుంటే మొదటి అనుమానం టచ్‌ప్యాడ్ మీదే. దాని అడుగున సన్నటి ఎలక్ట్రోడ్ల వల ఉంటుంది. వేలు దగ్గరికొచ్చినప్పుడు వాటి కెపాసిటెన్స్‌లో వచ్చే అతి చిన్న మార్పును అది కొలుస్తుంది. అంత చిన్న మార్పును కొలిచే పరికరం కరెంటు నాయిస్‌కి తేలిగ్గా మోసపోతుంది.

మన ఇళ్లలో ఈ సమస్య ఎక్కువగా కనబడే చోటు ఛార్జర్. ఛార్జర్ల లోపల నాయిస్ అణచడానికి పెట్టే కెపాసిటర్ల వల్ల, 230 వోల్టుల లైనులోంచి చాలా కొద్దిపాటి లీకేజి కరెంటు అవుట్‌పుట్ వైపుకి చేరుతుంది. ఎర్తు సరిగా ఉంటే అది నేలలోకి పోతుంది. రెండు పిన్నుల ఛార్జర్ అయినా, మూడో పిన్ను ఉన్నా గోడలో ఎర్తు తీగ లేకపోయినా, ఆ కరెంటుకి పోయే దారుండదు. లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి రాస్తే జిమ్మని సన్నగా తగిలేది అదే. టచ్‌ప్యాడ్‌ని అల్లాడించేదీ అదే.

దీన్ని పట్టుకోవడం సులువు. ల్యాప్‌టాప్ వాడుతూనే ఛార్జర్ పీకండి. ఆ క్షణంలోనే వణుకు ఆగి, మళ్లీ పెట్టగానే మొదలైతే టచ్‌ప్యాడ్‌కి ఏమీ కాలేదు. తర్వాత అదే ఛార్జర్‌ని ఎర్తు బాగున్న ఇంకో చోట పెట్టి చూడండి. అక్కడ బాగుంటే మరమ్మతు చేయాల్సింది ఇంటి వైరింగ్‌కి. రెండు చోట్లా వణికితే ఛార్జర్‌ని అనుమానించాలి, ముఖ్యంగా అది కంపెనీది కాక చౌకగా కొన్నదైతే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే వణికితే ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు తీరును చూడాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లలో నాయిస్ ఎక్కువ.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల సాకెట్‌లో పట్టించడానికి ఎర్తు పిన్ను తీసేయడం, ఎర్తు లేని కన్వర్టర్ వాడటం మన దగ్గర అలవాటైపోయింది. కర్సర్ వణుకు దాని చిన్న ఫలితం. ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషిన్ విషయంలో అదే ఎర్తు ప్రాణం కాపాడుతుంది. టచ్‌ప్యాడ్ వల్ల ఇంట్లో ఎర్తు లేదని తెలిస్తే, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి సాకెట్లన్నీ పరీక్ష చేయించాలి. కర్సర్ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ప్రమాదం దాగున్న ఇంకో కారణం ఉబ్బిన బ్యాటరీ. చాలా ల్యాప్‌టాప్‌లలో లిథియం బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది. పాతబడిన బ్యాటరీ ఉబ్బితే కింది నుంచి టచ్‌ప్యాడ్‌ని నెడుతుంది. ప్యాడ్ ఒక అంచున పైకి లేవడం, క్లిక్ బిగుసుకుపోవడం, మూత సరిగా మూసుకోకపోవడం, చదునైన బల్ల మీద పెట్టినా ల్యాప్‌టాప్ ఊగడం దీనికి గుర్తులు. ఇవి కనిపిస్తే వెంటనే ఛార్జర్ తీసేసి, ఆపేసి, సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో పడేయకూడదు. మంట అంటుకునే ప్రమాదం ఉంది.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. చెమట, లోషన్, నీళ్ల తడి వేళ్ల మీద ఉంటే టచ్‌ప్యాడ్ తడబడుతుంది. టైపు చేసేటప్పుడు అరచెయ్యి ఆని బాణం గెంతితే, మౌస్ తగిలించినప్పుడు టచ్‌ప్యాడ్ పనిచేయకుండా సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ ఆ సదుపాయం ఉంది. ఎర్ర బొడిపె ఉన్న ల్యాప్‌టాప్‌లలో బాణం ఒక పక్కకి జారితే, వేలు తీసేసి కొన్ని సెకన్లు ఆగితే చాలు, అది తనంతట తాను సరిచేసుకుంటుంది. టచ్‌స్క్రీన్ ఉండి, పగిలో తడిసో ఉంటే డివైస్ మేనేజర్‌లో దాన్ని డిజేబుల్ చేసి చూడాలి.

సాఫ్ట్‌వేర్ వంతు ఎంత

ఫార్మాట్, డ్రైవర్ సలహాలను తూచాల్సింది ఇక్కడ. మౌస్‌లు దాదాపు అన్నీ హెచ్ఐడీ అనే ఉమ్మడి పద్ధతిలో కంప్యూటర్‌తో మాట్లాడతాయి. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనూ, లైనక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ ముందే ఉంటుంది. కాబట్టి సాదా మౌస్ వణుకుతుంటే ఇంటర్నెట్‌లో దొరికే 'డ్రైవర్ అప్‌డేటర్' ప్రోగ్రాముల వల్ల ఒరిగేదేమీ లేదు. అవి తెచ్చే అవాంఛిత సాఫ్ట్‌వేర్ వల్ల నష్టమే ఎక్కువ. టచ్‌ప్యాడ్ విషయం వేరు. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడే అది అల్లరి మొదలుపెడితే, డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లడమో, ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి సరైనది వేసుకోవడమో న్యాయమైన ప్రయత్నం.

'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' మీద టిక్ తీసేయమనే సలహా కూడా ప్రతిచోటా వినిపిస్తుంది. ఈ సదుపాయం చెయ్యి వేగాన్ని బట్టి బాణం వెళ్లే దూరాన్ని మారుస్తుంది. గేమ్‌లు ఆడేవాళ్లు దాన్ని తీసేయడానికి కారణం ఉంది. కదలని మౌస్‌తో వణికే బాణానికి మాత్రం అది మందు కాదు. పాయింటర్ వేగం గీతలు 11 ఉంటాయి. ఆరోది, అంటే సరిగ్గా మధ్యది, పెట్టి చూడటం మేలు. అంతకు మించితే మౌస్ చెప్పే ఒక్కో మెట్టుకీ బాణం ఒకటికన్నా ఎక్కువ పిక్సెళ్లు దాటుతుంది.

తడబాటుకి మాత్రం సాఫ్ట్‌వేర్ నిజంగా కారణం కావచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. బాణం గెంతే సమయంలోనే సీపీయూ, డిస్కు నూరు శాతం దగ్గరుంటే మౌస్‌ని వదిలేసి ఆ భారం సంగతి చూడాలి. కొద్దిసేపు ముట్టుకోకపోతే మౌస్ నిద్రపోయి, కదిపినప్పుడు ఆలస్యంగా లేస్తుంటే, పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపి చూడాలి.

తప్పు విండోస్‌దా, హార్డ్‌వేర్‌దా అన్న వాదన తెగకపోతే దానికి తీర్పు ఉంది. పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లాంటి లైనక్స్ పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాంట్లోంచి బూట్ చేయాలి. హార్డ్‌డిస్కులో ఉన్నదేదీ చెరగదు. అక్కడా బాణం అలాగే వణికితే విండోస్‌కి సంబంధం లేదు, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా అంతే. అక్కడ నిలకడగా ఉంటేనే విండోస్ వైపు వెతకాలి. అప్పుడు కూడా ముందు సేఫ్ మోడ్‌లో చూడాలి, తర్వాత కొత్తగా వేసిన ప్రోగ్రాములు తీసి చూడాలి. ఫార్మాట్ ఆఖరి మెట్టు.

వేరే మనిషి కదిపితే

వణుకుతున్న బాణానికీ, పనిచేస్తున్న బాణానికీ తేడా ఉంది. బాణం తిన్నగా వెళ్లి ఒక విండో తెరిచి, బ్రౌజర్‌లో బ్యాంకు పేజీ వెతుకుతోందంటే అది సెన్సర్ లోపం కాదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ ప్రోగ్రాములు నిజాయితీ అయిన పనులకే పుట్టాయి. కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నామంటూ ఫోన్ చేసి వాటిని వేయించి, ఖాతా ఖాళీ చేసే మోసగాళ్లు వాటినే వాడతారు. అలా జరిగితే మొదట వైఫై ఆపాలి, లేదా నెట్ వైరు పీకాలి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు అడ్డుకునే అవకాశం అంత ఎక్కువ.

వైర్‌లెస్ మౌస్ దారిలోంచే చొరబడటం కూడా అసాధ్యం కాదు. బ్లూటూత్ కాని అనేక కంపెనీల రిసీవర్లకు దూరం నుంచే నకిలీ సంకేతాలు పంపవచ్చని బాస్టిల్ అనే భద్రతా సంస్థ 2016లో చూపించింది. దానికి మౌస్‌జాక్ అని పేరు పెట్టింది. మామూలు ఇళ్లలో ఇది అరుదు. పాత రిసీవర్ వాడే ఆఫీసులు మాత్రం తయారీదారు ఫర్మ్‌వేర్ సవరణ ఇచ్చాడేమో చూసుకోవాలి.

చెయ్యే వణికితే

మౌస్ వదిలేస్తే బాణం నిశ్చలంగా ఉండి, పట్టుకుంటేనే అల్లాడుతోందంటే, డీపీఐ తగ్గించినా ఆగకపోతే, కారణం చేతిలో ఉందేమో చూడాలి. సాంకేతిక సలహాలలో ఈ మాట దాదాపు కనిపించదు. నా దృష్టిలో ఈ సమస్య మొత్తంలో ఎక్కువ శ్రద్ధ అవసరమైంది ఇదే.

ఆరోగ్యవంతుల చేతిలోనూ కంటికి ఆనని సన్న వణుకు ఉంటుంది. ఆందోళన, నిద్రలేమి, ఎక్కువ కాఫీ, ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ లాంటి మందులు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం దాన్ని పెంచుతాయి. ఎసెన్షియల్ ట్రెమర్ అనే స్థితిలో చెయ్యి పనిచేసేటప్పుడు సెకనుకు 4 నుంచి 12 సార్లు దాకా వణుకుతుంది. అది తరచూ కుటుంబాలలో వస్తుంది. పార్కిన్సన్స్‌లో వణుకు సాధారణంగా చెయ్యి ఊరికే ఉన్నప్పుడు ఎక్కువ కనబడుతుంది. ఏది ఏదన్నది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. కొత్తగా మొదలైన వణుకు డాక్టర్‌కి చూపించాలి.

అయితే చెయ్యి వణికినంత మాత్రాన కంప్యూటర్ మానేయనక్కర్లేదు. ఐబీఎం 2005లోనే, మౌస్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తగిలించే ఒక చిన్న పరికరాన్ని ప్రకటించింది. అది వణుకు తాలూకు కదలికను వడగట్టి, మనిషి ఉద్దేశించిన కదలికనే ముందుకు పంపేది. ఇప్పుడు స్టడీమౌస్ లాంటి సాఫ్ట్‌వేర్ అదే పని చేస్తుంది. ఖర్చు లేని మార్గాలూ ఉన్నాయి. పాయింటర్ వేగం బాగా తగ్గించాలి. ముంజెయ్యి మొత్తం బల్ల మీద ఆనేట్టు కూర్చోవాలి. డిస్‌ప్లే స్కేల్ 125 లేదా 150 శాతం చేస్తే బొత్తాములు పెద్దవై గురి తప్పడం తగ్గుతుంది. లాగేటప్పుడు బొత్తాము పట్టుకుని ఉండక్కర్లేకుండా విండోస్‌లో క్లిక్‌లాక్ ఉంది. పరికరం కదలకుండా బంతి ఒక్కటే తిరిగే ట్రాక్‌బాల్ కొందరికి మౌస్ కన్నా ఎంతో హాయి. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ కలిపి నొక్కితే అంకెల కీలతోనే బాణాన్ని నడపవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు 'నాకు చేతకాదురా' అని పక్కకి తప్పుకుంటే, ఈ మార్పులు చేసిపెట్టడానికి పిల్లలకి పట్టేది పది నిమిషాలే.

ఏది ముందు, ఏది తర్వాత

ఇన్ని కారణాలను పక్కపక్కన పెట్టి తూచాక సలహాల వరస మార్చాలన్నదే నా నిర్ణయం. ముందు మౌస్ తీసేసి చూడాలి. కదలిక ఆగితే కాగితం వేయడం, లెన్స్ తుడవడం, డీపీఐ తగ్గించడం, సెల్ మార్చడం, రిసీవర్ జరపడం, చివరికి ఆ మౌస్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించడం. ఆగకపోతే ఛార్జర్ పీకి చూడటం, బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచిందేమో చూడటం, టచ్‌స్క్రీన్ ఆపడం, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో తీర్పు తెచ్చుకోవడం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే రావాలి.

మౌస్ నిజంగానే పోయి ఉండవచ్చు, అప్పుడు కొత్తది కొనాల్సిందే. ఇంకో కంప్యూటర్ మీద, ప్యాడ్ మీద, తుడిచాక కూడా వణికితే సెన్సర్ పని అయిపోయినట్టు. అప్పుడు కొన్నందుకు విచారించనక్కర్లేదు. ఫార్మాట్ విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. కర్సర్ వణుకుతోందని సిస్టమ్ తీసుకెళితే, రిపేరు షాపులో ఎవరైనా మొదటి మాటగా ఫార్మాట్ అంటే, మూడు ప్రశ్నలు అడగండి: మౌస్ తీసేసి చూశారా, ఛార్జర్ పీకి చూశారా, ఇంకో ఓఎస్‌లో బూట్ చేసి చూశారా? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా హార్డ్‌డిస్కు మీద చెయ్యి వేయనివ్వకండి.